సీటుకీ టైరుకీ మధ్య

మళ్ళీ తగిలింది. వెనక చక్రాన్ని చేత్తో ఒక్క తిప్పు తిప్పగానే సంచి అడుగు టైరుకు రాసుకుని సర్రుమంది, ఆ చప్పుడుకి ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. ఛ. ఇంకేం బిగించాలి దీన్ని, లాగి లాగి వేళ్ళ కణుపులు ఎర్రబడ్డాయి, ఇంకా లాగితే పట్టీలు తెగుతాయి తప్ప సంచి పైకి లేవదు. వరండాలో గోడకి ఆనించిన సైకిల్, దాని వెనక నేలమీద చతికిలపడ్డ తను, చుట్టూ మూడు సంచులు, వాటి చుట్టూ చిందరవందరగా సామాను, చూసేవాళ్ళకి ఇల్లు ఖాళీ చేస్తున్నారేమో అనిపిస్తుంది. మూడు సంచులూ ఇంకా షాపువాడివే, తనవి కావు. "ఇంటికి పట్టుకెళ్ళి పెట్టి చూసుకోండి మేడమ్, సరిపడింది ఉంచుకుని మిగతావి కొట్టు మూసేలోపు తెచ్చివ్వండి, మరక పడితే మాత్రం నేను తీసుకోను" అన్నాడు ఆ పొడుగాయన. మరక పడనే పడింది. మొదటి సంచి అడుగున టైరు రాసుకున్న చోట కాటుక దిద్దినట్టు నల్లటి గీత, ఉమ్ముతో రుద్దింది, సబ్బుతో రుద్దింది, ఇంకాస్త వెడల్పయింది. పోనీ, అది తర్వాత సంగతి. ముందు ఏదో ఒకటి పట్టాలి. రేపు తెల్లారగానే బయల్దేరాలి. సంచి పట్టిందా, తనొక్కతే వెళ్తుంది. పట్టలేదా, కట్టుకున్నాయన సామానంతా కారులో వేసుకుని వెనకాలే వస్తాడు. అంతే ఒప్పందం, నవ్వుతూ చేసుకున్న ఒప్పందం, ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కాదు కదా, ఒళ్ళు మండిపోతోంది.

ఆ షాపాయన ఆరడుగుల మనిషి, కొట్లో నడుస్తుంటే పైన వేలాడే చక్రాలు నెత్తికి తగులుతాయని వంగి నడుస్తాడు. సైకిల్ సంచి అంటే ఆయనకి ఎంత సులువో. తన సొంత సైకిల్ చూపించాడు, సీటు ఎక్కడో ఆకాశంలో, కింద టైరు పాతాళంలో, మధ్యలో ఉన్న జాగాలో పిల్లి పిల్లల్ని పెట్టొచ్చు. "ఇది ఎవరికైనా సరిపోతుంది మేడమ్" అన్నాడు. ఎవరికైనా అంటే ఎవరు. ఎవరికైనా అన్న మాటలో తను ఎప్పుడూ లేదు. క్యారియర్ పెట్టించుకుందామంటే ఆమె సైకిల్‌కి క్యారియర్ బోల్టులు దిగే కన్నాలే లేవట, తేలిగ్గా ఉండాలని అలా చేస్తారట. సీటు రాడ్డుకి బిగించే రకం ఉందన్నాడు, తీరా చూస్తే ఆమె సీటు కింద రాడ్డు కనపడేదే రెండు వేళ్ళు, బిగించడానికి చోటేదీ. ముందు హ్యాండిల్‌కి కట్టుకుందామంటే సన్నటి హ్యాండిల్, బ్రేకు వైర్లు రెండూ సంచిలోకి పొడుచుకొస్తాయి, ఒకసారి అలా కట్టి మలుపులో బ్రేకు పడక ఎవరి గేటుకో పోయి గుద్దుకుంది. వీపున తగిలించుకోమన్నాడు చివరికి. వీపు. ఇరవై ఏళ్ళుగా బల్ల మీదకి వంగి పనిచేసిన వీపు అది, మెడ కింద రెండు పూసలు అరిగిపోయాయి, భుజాల మీద బరువు పెట్టొద్దని డాక్టరు చెప్పింది, అసలు సైకిల్ తొక్కడం మొదలుపెట్టిందే ఆ వీపు కోసం. కాబట్టి తిరిగి తిరిగి సీటు కిందికే వచ్చింది వ్యవహారం. సీటుకీ టైరుకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగా. దాని కోసం ఇంత బతుకూ బతికి నేలమీద దేకుతోంది.

"అమ్మాయ్, ఇంకా కాలేదా" అని లోపల్నుంచి అత్తగారు. కాలేదత్తయ్యా. "పోనీ వాణ్ణి రానియ్యరాదూ, వెనకాల మనిషుంటే ధైర్యం కదా." ఎవరికి ధైర్యం అని అడగాలనిపించింది, అడగలేదు. ఆవిడ మంచి మనిషి, మోకాళ్ళ నొప్పులతో కూడా పొద్దున్నే లేచి కోడలి సామాన్లో పాత శాలువా ఒకటి మడతపెట్టి ఇరికించింది, అక్కడ చలిగా ఉంటుందేమోనని. ఆ శాలువా ఒక్కటే సగం సంచి. రెండో సంచి తీసింది. ఇది అడ్డంగా ఉండేది, గట్టి కాన్వాసు, సీటు వెనక రెండు కొక్కాలకి వేలాడుతుంది. పట్టీలు దూర్చింది, బకిల్ పెట్టింది, చక్రం తిప్పింది. తగిలింది. ఈసారి సర్రుమనలేదు, గరగరలాడి చక్రం ఆగే పోయింది. ఇంత ముదనష్టపు పని ఇంకోటి ఉంటుందా. కొలిచే కదా తెచ్చింది. ఊరికే కళ్ళతో చూసి కాదు, బుధవారం పొద్దున ల్యాబ్‌కి వెళ్ళే హడావిడిలో కూడా కాలిపర్ పెట్టి, సీటు కింద కమ్మీల దగ్గర్నుంచి టైరు పైభాగం దాకా, మళ్ళీ ఒకసారి సరిచూసుకుని మరీ కొలిచింది. దాదాపు జానెడుంది. ఈ సంచి ఎత్తు జానెడుకి బాగా తక్కువ. మరి పట్టాలి కదా, లెక్క ప్రకారం పట్టి తీరాలి, సంచి కొలత తప్పితే తప్పాలి గాని తన కొలత తప్పదు. ల్యాబ్‌లో ఎవరినడిగినా చెబుతారు. పళ్ళక్క కొలిచిందంటే మళ్ళీ కొలవక్కర్లేదంటారు.

పళ్ళక్క. కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో పెట్టిన పేరు, అలాగే ఉండిపోయింది. కట్టుడు పళ్ళు చేయడం తన పని. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, తను ప్లాస్టర్ పోసి, మైనంతో పన్ను చెక్కి, పై దవడకీ కింది దవడకీ మధ్య ఎంత జాగా ఉందో చూసి, వెంట్రుకవాసి ఎక్కువైనా అరగదీసి, మనిషి నోరు మూస్తే హాయిగా మూసుకునేలా చేస్తుంది. ఎక్కడ తగులుతుందో తెలియకపోతే నీలి కాగితం ఒకటి ఉంటుంది, పళ్ళ మధ్య పెట్టి కొరికితే ఎత్తున్న చోట నీలం చుక్క పడుతుంది, ఆ చుక్కనే అరగదీయాలి, పక్కది ముట్టుకోకూడదు. ఎన్ని వేల నోళ్ళు. వాళ్ళల్లో ఒక్కరి మొహం కూడా చూడలేదు, కానీ వాళ్ళంతా తన పళ్ళతోనే తింటున్నారు, తన పళ్ళతోనే కసురుకుంటున్నారు, తన పళ్ళతోనే నవ్వుతున్నారు. మొన్న ల్యాబ్ పెద్దాయన గదిలోకి పిలిచి తలుపేశాడు. చెయ్యి వణుకుతోందమ్మా, ఇక నా వల్ల కాదు, ల్యాబ్ నువ్వు తీసుకుంటావా, లేకపోతే బయటివాళ్ళు అడుగుతున్నారు వాళ్ళకి ఇచ్చేస్తాను, వచ్చే మంగళవారం ఏ సంగతీ చెప్పు అన్నాడు.  బయటికొచ్చి బల్ల ముందు కూర్చుని ఆ రోజంతా ఒకే పన్ను చెక్కింది. ఆనందమా భయమా అంటే ఏమో, రెండూను. ఇంటికొచ్చి చెబితే ఆయన చెంచా పక్కన పెట్టి "చెబుదాంలే, తొందరేముంది" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ఆయన అద్దె సంగతి చెప్పాడు, పనివాళ్ళు మానేస్తే ఏమవుతుందో చెప్పాడు, ప్లాస్టర్ దుమ్ము ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో చెప్పాడు. అత్తగారు ఈ వయసులో ఎందుకే తలనొప్పి అంది. దూరాన ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఫోన్లో తీసేసుకో అమ్మా అని ఒక్క మాటలో తేల్చేసింది. అందరివీ విన్నది. అందరి మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. రాత్రి పడుకుని తన మాట ఏమిటా అని వెతుక్కుంటే అదొక్కటే కనపడలేదు. అందుకు కావాలి ఈ రెండు రోజులు. నది సముద్రంలో కలిసే చోటికి ఒక పగలంతా తొక్కితే చేరొచ్చు, అక్కడ చిన్న లాడ్జి ఉంది, ఒక రాత్రి ఉండి వెనక్కి రావచ్చు. ఎవరూ పక్కన లేకుండా, ఏం ఆలోచిస్తున్నావ్ అని ఎవరూ అడగకుండా, ఒక్క ఆలోచన మొదలు నుంచి చివరి దాకా తనే ఆలోచించాలి. పుట్టింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళ మధ్య పడుకుంది, పెళ్ళయ్యాక ఈ ఇల్లు, పురిటికి అమ్మ, ఆసుపత్రికి ఆయన, బజారుకి కూతురు. ఒంటరిగా గడిపిన పూట ఒక్కటి గుర్తుచేసుకుందామంటే గుర్తుకు రాదు.

ఆ సంగతి ఆయనకి అలా చెప్పలేదు. ఎలా చెబుతుంది. మీరు లేకుండా ఉండాలనుంది అని ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది. సైకిల్ మీద అంత దూరం వెళ్ళగలనో లేదో చూసుకోవాలనుంది అంది. అది అబద్ధం కాదు గాని నిజమూ కాదు. ఆయన ఫ్యాక్టరీలో భద్రతా అధికారి. ఇంకా జరగని ప్రమాదాలన్నీ ముందే చూసి పెట్టుకోవడం ఆయన ఉద్యోగం, సాయంత్రం ఆ చూపు అక్కడే వదిలేసి రాడు, ఇంటికి తెచ్చుకుంటాడు. మెట్ల మీద నీళ్ళు కనిపిస్తే ఎవరి కాలో విరిగినట్టే మాట్లాడతాడు. గ్యాసు పొయ్యి కట్టేశావా అని రోడ్డెక్కాక అడుగుతాడు, ఎక్కడికెళ్ళినా అడుగుతాడు, ఒక్కసారి కూడా తను కట్టేయడం మరిచిపోలేదు. "ఒక్కదానివా" అన్నాడు. "దారిలో పంక్చరయితే, వానొస్తే, కళ్ళు తిరిగితే. పైగా సామాను ఎక్కడ పెడతావ్." ఆ చివరి మాట పట్టుకుంది తను, మునిగేవాడు కొమ్మ పట్టుకున్నట్టు. సామాను సైకిల్ మీదే పెట్టుకుంటాను అంది. ఆయన నవ్వాడు. "అన్నీ సైకిల్ మీద పడితే ఒక్కదానివే వెళ్ళు. పడకపోతే మాత్రం నేను కారేసుకుని వెనకాలే వస్తా, సరేనా." సరే అంది. అలా చెప్పడంలో ఎంత తెలివి ఉపయోగించాననుకుందో. ఇప్పుడు ఆ తెలివే నేలమీద నల్లటి గీతై కూర్చుంది. ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండేది, పోట్లాడి వెళ్ళిపోవచ్చు. ప్రేమగా అడ్డొచ్చేవాణ్ణి ఏమనాలి, ఏమన్నా తనదే తప్పవుతుంది.

సరే, కోపం పక్కన పెట్టి పనిలా చూడు. సీటు ఒక దవడ అనుకో, టైరు ఒక దవడ అనుకో. లోపలికి వెళ్ళి హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఎప్పుడూ ఉండే నీలి కాగితం తెచ్చింది. సంచికీ టైరుకీ మధ్య పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పింది. కాగితం తీసి చూస్తే చుక్క కాదు, సంచి అడుగు అడుగంతా నీలమే. అంటే ఎక్కడో ఒక మూల జారడం కాదు, మొత్తం కిందికి దిగి ఉంది. బరువుకి సాగిందా అంటే కాన్వాసు సాగదు. మరి. సంచి విప్పి పక్కన పడేసి ఖాళీ జాగాని చూసింది. కాలిపర్ పెట్టింది. బెత్తెడు, దాని మీద ఇంకో వేలు. మళ్ళీ పెట్టింది. అంతే. బుధవారం జానెడున్నది శనివారానికి బెత్తెడెలా అయింది, ఇనుము ఏమైనా ఉతికితే కుంచించుకుపోయే బట్టా. అప్పుడు చూసింది సీటు రాడ్డుని. తన ఎత్తు దగ్గర తను చుట్టుకున్న ఎర్ర టేపు ఫ్రేము అంచుని ఆనుకునే ఉంది, సరిగ్గానే ఉంది. సరిగ్గా ఎందుకుంది అంటే ఇందాక సంచులు తేగానే, అసలు పని మొదలుపెట్టక ముందే, సీటు బిగించే లీవర్ వదులుచేసి సీటు కిందికి దించింది కాబట్టి. దించినట్టు కూడా తెలియకుండా దించింది. సైకిల్ ముట్టుకుంటే ముందు చెయ్యి చేసే పని అది, గదిలోకి వెళ్తే లైటు వేసినట్టు. రోజూ పొద్దున దించుతుంది. ఎందుకంటే రోజూ రాత్రి ఎవరో పైకి లేపుతారు. ఎవరో ఏమిటి, ఆయనే. పడుకోబోయే ముందు ఒకసారి సందు చివరిదాకా నడిపి చూసొస్తాడు, బ్రేకులు పట్టుకుంటున్నాయో లేదో, గాలి ఉందో లేదో. ఆయన కాళ్ళకి సీటు పైకి కావాలి. చూశాక దించడం గుర్తుండదు. బుధవారం హడావిడిలో, ఇంకా దించకముందే, తను కొలిచింది ఆయన సీటుని.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియలేదు, అదింకా మంట. ఇదే తప్పు ఎవరైనా డాక్టరు చేస్తే ఫోన్ చేసి మరీ కడిగేస్తుంది, నోరు తెరిపించి ఎత్తు కొలిచి పంపితే మూసినప్పుడు పళ్ళెలా కూర్చుంటాయండీ అని. తనే చేసింది. తెరిచిన నోరు కొలుచుకుని మూడు రోజులు మురిసిపోయింది, జానెడుందట జానెడు. తనకెప్పుడున్నాయి అన్నేసి జాగాలు. ల్యాబ్‌లో స్టూలు ఎక్కాలంటే మొదట కింద పెట్టె మీద కాలు పెట్టాలి, ఆ పెట్టె తనే తెచ్చుకుంది. వంటింట్లో పై అర ఆయన ఎత్తుకి కొట్టించింది, దాంట్లో ఏముందో తనకి పండక్కీ పబ్బానికీ తప్ప తెలియదు. బస్సులో పైన వేలాడే పిడి మిగతావాళ్ళకి ఆధారం, తనకి అలంకారం. వీటన్నిటికీ ఎప్పుడూ ఏడవలేదు, పొట్టిదాన్ని అనుకుని నవ్వేసింది, నలుగురినీ నవ్వించింది. ఇవాళ మాత్రం ఏడుపొచ్చింది. సంచి కోసం ఏడవడమేమిటని సిగ్గేసి ఆపుకుంది, ఆపుకుంటే ముక్కు కారింది, చేతికున్న నీలం ముక్కుకంటింది. ఫోన్ తీసింది.

"ఏమండీ, నా సైకిల్ సీటు మంగళవారం రాత్రి కూడా పైకి లేపారా."

వెనక హారన్లు వినపడుతున్నాయి, దారిలో ఉన్నాడు. "రోజూ చూస్తాగా. వెనక బ్రేకు లూజుగా ఉంది, బిగించా. ఏం, ఏమైనా చప్పుడొస్తోందా."

"లేదు."

"సంచి పట్టలేదా." ఆ గొంతులో దిగులు లేదు. "పోనీలే, నువ్వేం కంగారుపడకు. నేను పెట్రోలు కొట్టించేశా, టైర్లలో గాలి కూడా చూపించా. ఇదిగో, ఇంకో పది నిమిషాల్లో ఇంట్లో ఉంటా."

పెట్రోలు కొట్టించేశాడు. ఫోన్ పెట్టేసి ఆ మాట చుట్టూ తిరిగింది కాసేపు. సంచి పట్టలేదని తను ఇంకా చెప్పనేలేదు. పొద్దున కారు డిక్కీ తెరిచినప్పుడు మడత కుర్చీ కనపడితే ఆఫీసుదేమో అనుకుంది. చల్లటి నీళ్ళ డబ్బా కనపడితే అదీ అనుకోలేదు. ఒకవేళ పట్టి ఉంటే ఏం చేసేవాడో, కుర్చీ దించేవాడా, లేక ఏదో ఒక సాకు చెప్పి కాస్త దూరంలో, కనపడకుండా, అద్దంలో చుక్కంత దూరంలో వచ్చేవాడా. వచ్చేవాడే. అది తలుచుకుంటే ఇప్పట్నుంచే వీపు మీద ఆయన చూపు పాకుతున్నట్టుంది. పొద్దున్నే చల్లగాలిలో తొక్కుతుంటుంది, ల్యాబ్ గురించి ఆలోచన అప్పుడే ఒక కొలిక్కి వస్తుంటుంది, వెనక నుంచి చిన్న హారన్, కిటికీ దిగుతుంది, నీళ్ళు తాగావా అంటాడు. తాగానంటుంది. ఆలోచన పోతుంది. మళ్ళీ మొదట్నుంచి పట్టుకుంటుంది, మళ్ళీ హారన్, ఎండెక్కింది కాసేపు కార్లో కూర్చో అంటాడు. సాయంత్రం సముద్రం ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాళ్ళు నొప్పులా అని అడిగి, ల్యాబ్ సంగతి నేనొకటి ఆలోచించా అంటాడు. అంటాడు, తప్పదు. మంగళవారం పెద్దాయన ముందు నిలబడి తను చెప్పేది అదే.

మూడో సంచి ఒకటుంది. దాన్ని షాపాయన లెక్కలోకే తీసుకోలేదు, "ఇది పిల్లల సైకిళ్ళకి మేడమ్, ఊరికే చూడండి" అని మిగతా వాటి మీద పడేశాడు. పల్చగా, అడ్డంగా, ఎత్తు బెత్తెడు కూడా లేదు. కొక్కాలకి తగిలించింది. కింద రెండు వేళ్ళు దూరాయి. చక్రం తిప్పితే గాలికి తిరిగినట్టు తిరిగింది. ఆ నిశ్శబ్దానికి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, మరుక్షణం సామాను వైపు చూసి మళ్ళీ కూలబడింది. ఇంత సామాను ఇంత సంచిలో ఏ మంత్రం వేస్తే పడుతుంది. శాలువా పెడితే అయిపోయింది సంచి. శాలువా పక్కన పెట్టింది. పెద్ద టార్చీ, దాని బరువు ఒక ఇటుక. రాత్రి లాడ్జి గదిలో లైటుండదా. పక్కన పెట్టింది. ఫ్యాక్టరీ నుంచి ఆయన తెచ్చిన ప్రథమ చికిత్స పెట్టె, దాంట్లో విరిగిన ఎముకకి కట్టే బద్ద కూడా ఉంది. విరిగిన చేత్తో ఆ బద్ద తనెలా కట్టుకుంటుందని. రెండో తాళం. ఎర్రగా మెరిసే చొక్కా, రోడ్డు పనివాళ్ళు వేసుకునేది. ఈల. ఈల ఎందుకో ఆయన చెప్పాడు గాని మరిచిపోయింది. వాన కోటు, దాని మీదికి వాన ప్యాంటు, అవి రెండూ ఆయన కొలతవే, తనేసుకుంటే కాళ్ళ కింద చుట్టుకుని చక్రంలో పడతాయి. కూతురు పంపిన ఎండ క్రీములు, ఒకటి మొహానికి, ఒకటి చేతులకి. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతుంటే సామాను మెల్లగా రెండు కుప్పలైంది, తను అలా చేయాలనుకోలేదు, చేతులు చేసుకుపోయాయి. చివరికి ఇటు మిగిలింది ఒక జత బట్టలు, తువ్వాలు, పళ్ళు తోముకునే బ్రష్షు, పంక్చర్ అతుకుల డబ్బా, చిన్న పంపు, నడుం నొప్పి మాత్రలు. మడిచి పెడితే సంచి మూతపడింది. ఇంకా చెయ్యి దూరే జాగా ఉంది. అటు కుప్పని చూసింది. మంచి వస్తువులే అన్నీ. ఒక్కటీ తను కొన్నది కాదు, ఒక్కదాని గురించీ తనకి భయం లేదు. ఇంతసేపూ వీటికి జాగా కోసమా తను సీటు కింద పాకింది. నవ్వు రాలేదు. ఇంకా కోపంగానే ఉంది, ఇందాకటిలా మంటగా కాదు గాని, నిలకడగా.

గేటు తీసిన చప్పుడు, కారు లోపలికి రావడం, తలుపు వేయడం. ఆయన చెప్పులు విడవకుండానే వరండా మెట్లెక్కి సైకిల్ దగ్గరికొచ్చాడు. చిన్న సంచిని చూశాడు. వంగి చక్రం తిప్పాడు, వేళ్ళు పెట్టి జాగా చూశాడు, బకిల్ లాగి చూశాడు. పనిమంతుడే, ఎక్కడా వంక దొరకలేదు. లేచి నిలబడి అడిగాడు.

"పట్టాయా అన్నీ."

"నావన్నీ పట్టాయి."

ఆయన చూపు నేలమీది కుప్ప మీద పడింది. "మరి ఇవి."

"అవి మీవి."

"నావేంటి, నీ కోసమేగా. వానొస్తే ఏం చేస్తావ్."

"తడుస్తాను."

"చెయిన్ తెగితే."

"నడుస్తాను."

"అలా కాదు, అన్నీ సైకిల్ మీద పడితేనే ఒక్కదానివి అనుకున్నాం కదా. మాటంటే మాటే మరి." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. కుప్పలోంచి ఈల తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ, "సోమవారం కూడా సెలవు పెట్టానే. సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో" అన్నాడు.

 ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి చోటే తను మెత్తబడుతుంది. సరే రండి అన్న మాట నాలుక మీదికొచ్చేసింది, అనేస్తే ఎంత సుఖం, ఆయన మొహం వెలిగిపోతుంది, అత్తగారు అమ్మయ్య అనుకుంటుంది, కుర్చీ డిక్కీలోనే ఉంటుంది. ఒప్పందం ప్రకారం కూడా ఓడింది తనే. సంచి మీద పెట్టిన పందెం సంచి దగ్గరే ఓడిపోయింది. కానీ తను అడగాల్సింది సంచి కాదు. అది మొదటి రోజే, అన్నం దగ్గరే చెప్పాల్సిన మాట. చెప్పే ధైర్యం లేక మూడు సంచులు మోసుకొచ్చి, ఇంతసేపూ నేలమీద దేకి, నీలం పూసుకుని కూర్చుంది.

"మీరు రావద్దండి" అంది.  "సామాను పట్టకపోయినా రావద్దు. నాకు మీరు లేకుండా రెండు రోజులు ఉండాలనుంది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కోపమైతే తెలిసేది, అది కోపం కాదు. ముక్కు మీద నీలం అంటింది తుడుచుకో అన్నట్టు చెయ్యి ఎత్తబోయి దించేశాడు. లోపల్నుంచి అత్తగారు ఏమంటోందిరా అని అడిగింది. "రావద్దంటోంది" అన్నాడు ఆయన, మామూలు గొంతుతోనే. ఈలని చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళాడు. డిక్కీ తెరిచి మడత కుర్చీ తీశాడు, నీళ్ళ డబ్బా తీశాడు, వాటి వెనక నుంచి ఇస్త్రీ చేసి సర్దిపెట్టుకున్న తన బట్టల సంచి తీశాడు. మూడూ ఒక్కసారే పట్టుకోబోతే కుర్చీ జారింది. ఆమె లేవబోయింది. లేవలేదు. ఆయన ఒక్కొక్కటే లోపలికి మోసుకెళ్ళాడు.